వాడిన గ్రాఫిక్స్ కార్డు అమ్మే ముందు: మన ఎండకు తగ్గట్టు ఎలా పరీక్షించాలి

రెండేళ్ల కింద ఏప్రిల్‌లో నా జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు అమ్మాను. కొన్నది జనగామ నుంచి వచ్చిన ఒక డిగ్రీ పిల్లగాడు. మా ఇంట్లోనే పది నిమిషాలు ఆట నడిపి చూపించాను. తృప్తిగా పైసలిచ్చి తీసుకుపోయాడు. మూడో రోజు ఫోన్ చేశాడు: "అన్నా, పొద్దున మంచిగనే నడుస్తుంది. మధ్యాహ్నం ఆట పెట్టినంక అరగంటకు స్క్రీన్ నల్లగైతుంది. ఫ్యాన్లు మాత్రం గట్టిగ మొత్తుకుంటున్నయ్."

నేను పరీక్షించింది రాత్రిపూట, ఏసీ గదిలో. అతను ఆడింది రేకుల గదిలో, మధ్యాహ్నం మూడింటికి. కార్డు అదే, చుట్టూ ఉన్న గాలి వేరు. వెనక్కి తీసుకొని పైసలు తిరిగి ఇచ్చేశాను. విప్పి చూస్తే చిప్పు మీది పేస్టు (చిప్పు వేడిని పైనున్న లోహపు రెక్కల హీట్‌సింకుకు చేర్చే పూత) ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. అప్పటి నుంచి నాదైనా, స్నేహితులదైనా, కార్డు అమ్మే ముందు ఒక పూట మొత్తం దానికే కేటాయిస్తున్నాను. ఎట్లా చేస్తానో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా 1660 సూపర్ మీదే ఉంటాయి, పద్ధతి మాత్రం ఏ కార్డుకైనా ఒకటే.

ముందుగా కరెంటు సంగతి

కార్డును పరీక్షించే కంప్యూటర్‌ను చిన్న యూపీఎస్ మీద పెట్టకండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 600 వీఏ యూపీఎస్. అది ఇచ్చేది దాదాపు 360 వాట్లు. ఆర్‌ఎక్స్ 580 ఒక్కటే 185 వాట్ల కార్డు. ప్రాసెసర్, మానిటర్ కలిపితే యూపీఎస్ కీచుమని మొత్తం ఆగిపోతుంది, మీరు కార్డు పాడైందనుకుంటారు. నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టండి. వోల్టేజీ పడిపోతూ లైట్లు మిణుకుమనే సమయంలో మొదలుపెట్టకండి.

ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా, మంచిది ఉండాలి. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్నుల వైరు ఇంకో 75, 8 పిన్నుల వైరు 150 వాట్లు ఇస్తాయి. 1660 సూపర్ 125 వాట్ల కార్డు, చాలా కంపెనీల మోడళ్లకు 8 పిన్నుల వైరు ఒకటి పెట్టాలి. పాత హార్డ్ డిస్కు వైరుకు కన్వర్టర్ తగిలించి దాంతో నడిపిస్తే వైరు కాలొచ్చు, పరీక్ష ఫలితాన్నీ నమ్మలేం. మంచి ఎస్‌ఎంపీఎస్ లేకపోతే ఉన్న స్నేహితుడి ఇంటికి కార్డు పట్టుకుపోండి.

క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జుమ్మంటోందా? ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు. ముందు అది బాగు చేయించండి, కార్డు తర్వాత.

చేతిలో పట్టుకొని చూడండి

కార్డు తీయగానే శుభ్రం చేయకండి. ముందు ఫోటోలు తీయండి: సీరియల్ నంబరు స్టిక్కరు, స్లాటులో కూర్చునే బంగారు రంగు అంచు, కరెంటు వైరు పెట్టే చోటు, వెనక ప్లేటు. పగటి వెలుతురులో, దగ్గరగా. తర్వాత ఎవరైనా వేరే కార్డు తెచ్చి "ఇది మీరు అమ్మిందే" అంటే ఆ ఫోటోలే మీకు సాక్ష్యం.

కరెంటు సాకెట్టులోకి టార్చి వేసి చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారినా, ఒక పిన్ను పక్కనున్న వాటికంటే నల్లగా ఉన్నా అక్కడ వేడి పుట్టినట్టే. అలాంటి కార్డును వైరు మార్చి అమ్మేయకూడదు, సాకెట్టు మార్పించాలి. బంగారు అంచుకు దగ్గర్లో గోధుమ గింజంత కూడా లేని కెపాసిటర్లు వరుసగా ఉంటాయి. కార్డును స్లాటులో దూర్చేటప్పుడు గీసుకొని ఒకటి రాలిపోవడం నేను రెండుసార్లు చూశాను. వరుసలో ఒకచోట ఖాళీ, ఆ ఖాళీలో రెండు వెండి చుక్కలు మాత్రమే కనిపిస్తే అదే. అయితే కంపెనీ వాళ్లే ఖాళీగా వదిలిన చోట్లు కూడా ఉంటాయి కాబట్టి అదే మోడల్ ఫోటోతో పోల్చుకోండి.

ఇక దుమ్ము. మా ఇల్లు ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర. దసరా దాటి పత్తి రావడం మొదలైతే సంక్రాంతి దాకా గాలిలో నూగు తేలుతూనే ఉంటుంది. ఆ నూగు మామూలు దుమ్ము లాంటిది కాదు. ఫ్యాన్ వైపు నుంచి చూస్తే హీట్‌సింకు శుభ్రంగానే కనిపిస్తుంది. ఫ్యాన్ల కవరు విప్పితే హీట్‌సింకు రెక్కల పైఅంచున బూడిద రంగు కంబళి ముక్కలా పరుచుకొని ఉంటుంది. నా కార్డు నుంచి దాన్ని పట్టకారుతో పట్టి లాగితే చిరగకుండా అరచేతి పొడవు ఒక్క ముక్కగా వచ్చింది. గాలి కొడితే అది పోదు, ఇంకా లోపలికి దిగుతుంది. ముందు పట్టకారుతో లాగి, తర్వాత మెత్తని బ్రష్షు, చివర్న బ్లోయరు. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి. లేకపోతే అది హద్దు లేని వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ కోత యూనిట్ల దగ్గర ఉండేవాళ్లకు వచ్చేది రాతి పొడి. అది బ్రష్షుకు సులువుగానే పోతుంది గానీ ఫ్యాన్ బేరింగులను తినేస్తుంది.

ఫ్యాన్‌ను వేలితో నెమ్మదిగా తిప్పండి. రెండు మూడు చుట్లు తిరిగి మెల్లగా ఆగాలి. టక్కున ఆగినా, పక్కకు ఊగినా బేరింగు అరిగింది. బంగారు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర అందరికీ అలవాటే, కానీ రబ్బరు పొడి స్లాటులో చిక్కుకుంటుంది, పైపూత కూడా అరుగుతుంది.

కార్డు ఏదో రుజువు చేసుకోండి

మీరు కూడా దాన్ని సెకండ్‌హ్యాండ్‌లోనే కొని ఉంటే ఈ మెట్టు అసలు దాటేయకండి. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ తెరవండి. 1660 సూపర్ అయితే షేడర్లు (చిప్పులోని చిన్న లెక్కల యూనిట్లు) 1408, మెమరీ 6 జీబీ జీడీడీఆర్6, బస్సు (చిప్పుకూ మెమరీకీ మధ్య దారి) వెడల్పు 192 బిట్లు చూపించాలి. అసలు ఆర్‌ఎక్స్ 580కి షేడర్లు 2304. 2048 చూపిస్తే అది అదే పేరుతో వచ్చిన తక్కువ రకం. అమ్మేటప్పుడు ఆ తేడా చెప్పి తీరాలి. చాలా పాత చిప్పు మీద బయోస్ (కార్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ అని అమ్మిన నకిలీ కార్డులు చాలానే తిరిగాయి. అలాంటివాటిని జీపీయూ-జెడ్ పట్టుకొని పేరు ముందే ఫేక్ అని రాస్తుంది.

అందులోనే బస్ ఇంటర్‌ఫేస్ అనే గడి పక్కన ప్రశ్న గుర్తు ఉంటుంది. నొక్కి చిన్న రెండర్ పరీక్ష నడపండి. పని లేనప్పుడు కార్డు వేగం తగ్గించుకుంటుంది, అసలు వేగం రెండర్ నడిచినప్పుడే తెలుస్తుంది. 1660 సూపర్‌కు ఎక్స్16 3.0 (పదహారు లేన్లు, మూడో తరం) రావాలి. ఎక్స్8, ఎక్స్4 వస్తే కార్డు తీసి, అంచు తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి చూడండి. అయినా మారకపోతే ఇంకో మదర్‌బోర్డులో చూడాలి. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటివి పుట్టుకతోనే ఎక్స్8, వాటికి అది లోపం కాదు.

ఆర్‌ఎక్స్ 470 నుంచి 580 దాకా ఉన్న కార్డుల్లో చాలావాటికి మైనింగ్ (డిజిటల్ నాణేల కోసం కార్డుతో ఆపకుండా లెక్కలు చేయించడం) కోసం బయోస్ మార్చారు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే డిజిటల్ నాణెం మైనింగ్ అవసరం లేని పద్ధతికి మారాక ఆ కార్డులన్నీ బజారులోకొచ్చాయి, ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. మైనింగ్ చేసిన కార్డు తప్పకుండా చెడిందని నేను అనను. ఒకే వేడి మీద నిలకడగా నడిచిన కార్డు కొన్నిసార్లు రోజూ ఆటలాడిన దానికంటే బాగుంటుంది. ఫ్యాన్లు మాత్రం అరిగిపోయి ఉంటాయి. మైనింగ్ సంగతి దాచడమే తప్పు.

డ్రైవర్ కొత్తగా వేయండి

డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో, విండోస్ సేఫ్ మోడ్‌లో, పాత డ్రైవర్ (కార్డును విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) పూర్తిగా తీసేయండి. ఆఫ్టర్‌బర్నర్ లాంటి కార్డు సెట్టింగుల సాఫ్ట్‌వేర్‌లో మీరు పెట్టుకున్న ఓవర్‌క్లాకు (పెంచిన వేగం), తగ్గించిన వోల్టేజీ, ఫ్యాన్ సెట్టింగులు అన్నీ రీసెట్ చేయండి. కొన్నవాళ్ల దగ్గర ఆ సెట్టింగులు ఉండవు కదా, కార్డు మామూలు సెట్టింగుల మీదే నిలబడాలి.

డ్రైవర్ వేయడం కూడా ఒక పరీక్షే. విండోస్ మామూలు డ్రైవర్ మీద బొమ్మ చక్కగా చూపించే కార్డు, అసలు డ్రైవర్ ఎక్కగానే నల్ల స్క్రీన్ ఇస్తే లేదా డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 చూపిస్తే లోపం ఎక్కువసార్లు కార్డులోనే ఉంటుంది. ఇంకో కంప్యూటర్‌లో పెట్టి నిర్ధారించుకోండి.

జీటీఎక్స్ 1060, 1050 టీఐ తరం కార్డులు అమ్మేవాళ్లు ఒక్క మాట ముందే చెప్పాలి: ఎన్‌విడియా వాటికి 580 నంబరు డ్రైవర్ల వరుసతో కొత్త ఆటల డ్రైవర్లు ఆపేసింది. కొన్నతను ఆ పైది వేయబోయి, ఎక్కక, కార్డు పోయిందనుకుంటాడు.

వేడి పరీక్ష

దీనికి మధ్యాహ్నం పన్నెండు దాటాక, ఏసీ వేయకుండా, క్యాబినెట్ మూత పెట్టి కూర్చోండి. కూలర్ ఉంటే దాని గాలి కంప్యూటర్ మీదికి కొట్టనీయకండి, తడి గాలిలో దుమ్ము హీట్‌సింకుకు బంకలా అతుక్కుంటుంది. గోడకు పెట్టే మామూలు థర్మామీటరు ఒకటి కంప్యూటర్ పక్కన పెట్టండి.

ఆ థర్మామీటరు ఎందుకంటే, కార్డు వేడి గది వేడి మీద ఎక్కుతుంది. 26 డిగ్రీల గదిలో 72 చూపించిందంటే గదికంటే 46 ఎక్కువ. అదే 40 డిగ్రీల గదికి చేరితే 86 దగ్గరికి పోవాలి. ఫ్యాన్లు వేగం పెంచి కొంత తగ్గిస్తాయి, అది చాలకపోతే కార్డు తన వేగం తాను తగ్గించుకుంటుంది. వరంగల్, రామగుండం, మంచిర్యాలలో మే నెలలో బయటే 43, 44 ఉంటుంది. చలికాలంలో అమ్ముతున్నా సరే, గది వేడి కూడా రాసి ఇస్తే కొన్నవాళ్లు ఎండాకాలం లెక్క తామే వేసుకుంటారు.

కార్డు వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి లాగింగ్ (అంకెలు ఫైలులో రాసుకోవడం) మొదలుపెట్టండి. పది నిమిషాలు ఖాళీగా వదిలేయండి. ఇప్పుడు ఫ్యాన్లు తిరగకపోతే కంగారు పడొద్దు, చాలా కార్డుల్లో 50, 60 డిగ్రీలు దాటాకే తిరుగుతాయి. తర్వాత కార్డుకు పూర్తి పని పెట్టే యూనిజిన్ వాళ్ల హెవెన్ గానీ సూపర్‌పొజిషన్ గానీ ఎక్కువ సెట్టింగుల్లో పెట్టి ఒక గంట ఆపకుండా నడపండి. ఫర్‌మార్క్ చాలామంది వాడతారు. నేను దాన్ని చివర పది నిమిషాలకు మించి నడపను. ఏ ఆటా కార్డును అంతగా పిండదు, కాబట్టి ఆట నడిచే తీరు అందులో తెలియదు.

ఆ గంటలో చూడాల్సింది ముఖ్యంగా ఒక్కటి: మామూలు వేడికీ హాట్‌స్పాట్‌కీ మధ్య ఎడం. హాట్‌స్పాట్ అంటే చిప్పులో అన్నిటికంటే ఎక్కువ కాలుతున్న చోటు. ఎడం పది పదిహేను డిగ్రీలుంటే సరే. పాతిక దాటితే పేస్టు ఎండింది, లేదా హీట్‌సింకు ఒక మూల ఎత్తుగా కూర్చుంది. జనగామ నుంచి తిరిగొచ్చిన నా కార్డును 39 డిగ్రీల గదిలో నడిపితే చిప్పు 86, హాట్‌స్పాట్ 112. పేస్టు మార్చి, అదే గదిలో, అదే వేడికి మళ్లీ నడిపితే 77, 89. ముందు రాత్రిపూట చేసిన పది నిమిషాల పరీక్షలో నేను మామూలు వేడి మాత్రమే చూశాను, అది 70 కూడా దాటలేదు. హాట్‌స్పాట్‌తో ఎడం ఎంతుందో చూసి ఉంటే ఆ రాత్రే తెలిసేది.

చెవులూ వాడండి. ఫ్యాన్ గిరగిర మోగినా, వేగం మారినప్పుడు కటకటమన్నా రాసుకోండి. లోడు మీద సన్నగా ఈల వేసినట్టు వచ్చే శబ్దం కాయిళ్లది. అది ప్రమాదం కాదు గానీ కొందరికి చిరాకు, కాబట్టి చెప్పాలి.

మెమరీ పరీక్ష, వేడి చల్లారకముందే

హెవెన్ ఆపిన వెంటనే ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వీర్యామ్ (కార్డు మీది మెమరీ) పరీక్ష పెట్టండి. మెమరీ చిప్పుల లోపాలు చల్లగా ఉన్నప్పుడు దాక్కొని, వేడెక్కాక బయటపడతాయి. అరగంట నడపండి. తప్పులు సున్నా ఉండాలి. ఒక్కటి వచ్చినా ఆ కార్డు పాసు కాదు.

మెమరీ పోతున్నప్పుడు స్క్రీన్ ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూస్తే మరిచిపోరు. మొదట నీడ ఉన్న చోట్ల ఆవగింజంత ఆకుపచ్చ, గులాబీ చుక్కలు మెరిసి పోతాయి. ఒక క్షణమే, కన్ను చెదిరిందేమో అనిపిస్తుంది. తర్వాత చిన్న చిన్న గళ్లు వరుసగా, పంచె అంచులా, నిలువునా దిగుతాయి. చుక్కలు కనిపించగానే ముందు కేబుల్ మార్చండి, ఇంకో మానిటర్ పెట్టండి. అప్పుడూ వస్తే, ముఖ్యంగా కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే బయోస్ స్క్రీన్ మీద కూడా వస్తే, లోపం కార్డుదే.

మిగిలిన చిన్న పనులు

ఉన్న ప్రతి పోర్టూ పెట్టి చూడండి. ఒక హెచ్‌డీఎంఐ పని చేస్తే చాలనుకోవద్దు, కొన్నతనికి డిస్‌ప్లే పోర్టే కావాలేమో. హెచ్‌డీఎంఐ టీవీకి పెట్టి శబ్దం వస్తోందో లేదో వినండి. కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి లేపండి. మర్నాడు పొద్దున పూర్తిగా చల్లారిన కార్డును మూడుసార్లు ఆన్ చేసి ఆపండి. వేడి మీద నడిచి, చల్లగా ఉన్నప్పుడు మొరాయించే కార్డులూ ఉంటాయి. చివరగా అందరూ ఆడే ఆట ఒకటి గంటసేపు ఆడండి. అయ్యాక విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి, డిస్‌ప్లే డ్రైవర్ ఆగి మళ్లీ మొదలైందనే 4101 నంబరు ఎంట్రీ ఆ సమయంలో పడిందేమో చూడండి. ఆటలో మీరు గమనించని ఒక్క క్షణం తడబాటు కూడా అందులో దొరుకుతుంది.

లోపం దొరికితే

పేస్టు, ప్యాడ్లు (మెమరీ చిప్పుల వేడిని హీట్‌సింకుకు చేర్చే మెత్తని పట్టీలు), ఫ్యాన్లు మార్చుకోవచ్చు. ప్యాడ్లు పాతవి ఎంత మందం ఉన్నాయో అంతే మందం వేయాలి. మందం ఎక్కువైతే హీట్‌సింకు చిప్పు మీద ఆనదు, తక్కువైతే మెమరీకి తగలదు. మీ చేతులకు నమ్మకం లేకపోతే హనుమకొండ చౌరస్తా దగ్గర రిపేరు షాపులున్నాయి. మీరు ఎదురుగా ఉండగానే విప్పించండి.

చేయకూడనిది ఒకటుంది. పోయిన కార్డును ఓవెన్‌లో పెట్టి గానీ, హీట్ గన్‌తో కాల్చి గానీ లేపడం. అది లేస్తుంది కూడా. వారమో, నెలో నడుస్తుంది, మళ్లీ పోతుంది. అట్లా లేపిన కార్డును మంచిదని అమ్మడం ముమ్మాటికీ మోసం. ఎన్‌ఐటీలోనో, కాకతీయ యూనివర్సిటీలోనో చదివే పిల్లలు మెస్సు పైసలు మిగిల్చి ఇవి కొంటారు. అట్లాంటి కార్డును పని చేయదని చెప్పి, విడిభాగాల కోసం కొనేవాళ్లకు ఆ ధరకే ఇవ్వండి.

చేతులు మారే రోజు

కుదిరితే కొనేవాళ్లను ఇంటికే రమ్మనండి. వాళ్ల ముందు ఇరవై నిమిషాలు హెవెన్ నడపండి, హాట్‌స్పాట్ గడి వేలు పెట్టి చూపించండి. నేను మూడు రోజులు వాడి చూసుకొమ్మని గడువిస్తాను. పైసలు పంపుతామంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటే అక్కడే బేరం ఆపేయండి. పైసలు రావడానికి స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు.

ఆదిలాబాద్, నిర్మల్ లాంటి దూరం ఊళ్లకు ఆర్టీసీ కార్గోలో పంపాల్సి వస్తే కార్డును యాంటీ స్టాటిక్ కవరులో పెట్టి, బబుల్ షీటు నాలుగు చుట్లు చుట్టి, కదలకుండా డబ్బాలో ఇరికించండి. థర్మోకోల్‌ను కవరు లేని కార్డుకు తగలనీయకండి. డబ్బా మూయడం మొదలుకొని టేపు వేసేదాకా ఒకే వీడియోలో, సీరియల్ నంబరు కనిపించేట్టు తీయండి.

డబ్బాలో నేనొక చీటీ పెడతాను. నా 1660 సూపర్ రెండోసారి అమ్మినప్పుడు రాసింది ఇదీ: "పేస్టు ఏప్రిల్‌లో మార్చాను. ప్యాడ్లు పాతవే. మైనింగ్ చేయలేదు. గది 39, గంట లోడు మీద చిప్పు 77, హాట్‌స్పాట్ 89. వీర్యామ్ పరీక్ష అరగంట, తప్పులు సున్నా. ఎడమ ఫ్యాన్ నిమిషానికి 2000 చుట్లు దాటితే కొద్దిగా మోగుతుంది." కొన్నది మళ్లీ ఆ జనగామ తమ్ముడే. ఫ్యాన్ మోత గురించి ముందే తెలుసు కాబట్టి, ధరలో దానికి తగ్గించమని అడిగాడు, తగ్గించాను.